బొమ్మ ఒక కేసెట్లో, గొంతు ఇంకో కేసెట్లో

మా ఇంట్లో మూడు వీడియో కేసెట్లు ఉండేవి. రెండు మా అప్ప పెళ్ళివి. మూడోది ఆ పెళ్ళయిన ఏడాది దసరా వెళ్ళాక వచ్చిన సిరిమానుది, అంటే మా ఊరి పైడితల్లమ్మ పండగది. వాటిని నానమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య పెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి తాళం వేసింది అమ్మ. పదమూడేళ్ళు అందులోనే ఉన్నాయి. చీరలు చెక్కుచెదరలేదు. కేసెట్లకి మాత్రం బూజు పట్టింది.

2007 వేసవి సెలవులకి అప్పా పిల్లలూ విజయనగరం వచ్చారు. మేనకోడలికి అప్పుడు పదకొండేళ్ళు. ట్రంకుపెట్టె తీసినప్పుడు కేసెట్లు దాని కంటబడ్డాయి. "మావయ్యా, అమ్మ పెళ్ళి వీడియో ఉందా? వెయ్యవా ఒక్కసారి" అని నా వెంటపడింది. వెయ్యడానికి వీసీఆర్ ఏది? మాకు ఎప్పుడూ లేదు. మా వీధిలో అంతా అంతే. పెళ్ళి కేసెట్ ప్రతి ఇంట్లోనూ ఉండేది, అది వేసుకునే మిషను మాత్రం ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. చూడాలనుకుంటే అద్దెకి తెచ్చుకోవడమే.

1994లో అప్ప పెళ్ళి కేసెట్లు చేతికొచ్చిన రోజు నాన్న కలర్ టీవీ, వీసీఆర్ రెండూ అద్దెకి తెచ్చాడు. అప్పుడు మేం అయ్యకోనేరు గట్టు దగ్గర ఉండేవాళ్ళం. టీవీకి దుప్పటి చుట్టి, రిక్షాలో పక్కన పెట్టుకుని, ఒక చెయ్యి దానిమీదే వేసి తీసుకొచ్చాడు. వాకిట్లో బల్ల వేసి దానిమీద పెట్టాం. వీధిలోవాళ్ళంతా చాపలు తెచ్చుకున్నారు. ముందు పెళ్ళి, తర్వాత రెండు సినిమాలు. అద్దె తెల్లారేదాకా కాబట్టి ఎవరూ నిద్రపోకూడదు. "అదుగో మన చిన్నోడు", "అదుగో మీ ఆయన, లడ్డూ మీద లడ్డూ వేయించుకుంటున్నాడు" అని ఒకటే గోల. నానమ్మ ముందు వరసలో పీట వేసుకుని కూర్చుంది. తను తెరమీద కనబడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారి కనబడేసరికి తల తిప్పేసుకుంది. మూడోసారి మాత్రం చూసింది. చాలాసేపు చూసింది.

నానమ్మ 1997 మాఘమాసంలో పోయింది. ఫొటోలు నాలుగైదు ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు. మా ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది, ఖాళీ కేసెట్లూ ఉండేవి, ఎర్ర బొత్తాం నొక్కితే మాటలు రికార్డయ్యేవి. సినిమా పాటలు రికార్డు చేసుకున్నాం గానీ నానమ్మ చేత ఒక్క మాట మాట్లాడిద్దామని ఎవరికీ తోచలేదు. ఇంట్లో పొద్దస్తమానం వినబడే గొంతుని రికార్డు చేసుకోవాలని ఎవరికి తోస్తుంది? అందుకే మేనకోడలు పెళ్ళి వీడియో అడిగినప్పుడు నా మనసు ముందు నానమ్మ గొంతు మీదికే పోయింది. ఆ కేసెట్లలో ఎక్కడో ఒకచోట మాట్లాడి ఉంటుంది కదా అనుకున్నాను.

నా దగ్గర వాయిదాల మీద కొన్న కంప్యూటర్ ఉంది. పెంటియం 4, 80 జీబీ హార్డ్ డిస్క్, డీవీడీ రైటర్. వీసీఆర్‌లోంచి వచ్చే బొమ్మ కంప్యూటర్‌కి అర్థమవ్వాలంటే మధ్యలో ఒక కార్డు కావాలి. ఆదివారం బస్సెక్కి వైజాగ్ వెళ్ళి, ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగి ఒక టీవీ ట్యూనర్ కార్డు కొన్నాను. వెనక గుండ్రటి పసుపుపచ్చ రంధ్రం ఉన్నది చూసి మరీ తీసుకున్నాను, వీసీఆర్ బొమ్మ వచ్చేది ఆ పసుపు వైరులోనే. తెల్ల వైరు మాటది. దాన్ని సౌండ్ కార్డుకి వేరే గుచ్చుకోవాలి.

ఇక వీసీఆర్. గంటస్తంభం దగ్గర సందులో మేం కేసెట్లు అద్దెకి తెచ్చుకున్న షాపు అప్పటికి సీడీల షాపయింది, సగం రీచార్జి కార్డులు. కానీ షాపు మాత్రం ఆయనదే. చిన్నప్పటి నుంచీ కేసెట్ల బాబాయి అనే పిలిచేవాళ్ళం. అటక మీద రెండు వీసీఆర్లు ఉన్నాయన్నాడు. నా చేతిలో కేసెట్ తీసుకుని, అద్దంలోంచి వెలుగుకి పట్టి చూశాడు. నల్లటి టేపు చుట్ట అంచున తెల్లగా, ఆవకాయ జాడీ మూతి దగ్గర పట్టినట్టు పట్టి ఉంది.

"ఇది మంచి మిషన్లో వెయ్యకు బాబూ. బూజు హెడ్డుకి పట్టేస్తాది. తర్వాత ఏ టేపు వేసినా దానికీ అంటిస్తాది. రెండూ పట్టుకెళ్ళు. పాతదాంట్లో శుభ్రం చేసుకుని, కొత్తదాంట్లో చూడు" అన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మీ అప్ప పెళ్ళి కేసెట్లు చూడ్డానికి మీ నాన్న అద్దెకి తీసుకెళ్ళినది ఇదే అనుకుంటా" అన్నాడు పాతదాని మీద దుమ్ము తుడుస్తూ. అదే అయ్యుంటుందా అన్నది నాకు తెలీదు గానీ, అదేనని నమ్మాను.

శుభ్రం చెయ్యడం కూడా ఆయనే నేర్పాడు. వీడియో కేసెట్ వెనక అయిదు స్క్రూలు ఉంటాయి. అవి ఊడదీశాక, పైమూత ఎత్తేముందు కేసెట్‌ని మళ్ళీ సరైనవైపుకి తిప్పి పెట్టుకోవాలి, లేకపోతే లోపలి చిన్న స్ప్రింగు ఎగిరిపోతుంది. పక్కనున్న చిన్న బొత్తాం నొక్కితే ముందు రేకు పైకి లేస్తుంది, టేపు కనబడుతుంది. అరంగుళం వెడల్పు. మూడు గంటల కేసెట్లో అది 250 మీటర్లకు పైనే ఉంటుంది. పెరట్లో ఎండ తగలనిచోట బల్ల వేసుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను. పాత వీసీఆర్ పైమూత ఊడదీసి, టేపు ఒక చుట్ట నుంచి రెండో చుట్టకి పోయే దారిలో మెత్తటి పొడిగుడ్డ మడత ఊరికే ఆనించి, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పాలి. గుడ్డ నొక్కితే టేపు ముడతపడుతుంది. ఆనించకపోతే బూజు పోదు. ఎంత ఆనించాలన్నది చెయ్యికి తెలియాలి. మొదటి కేసెట్‌కి నా వేళ్ళు వణికాయి. గుడ్డ మీద తెల్లటి గీత పడింది, మడత మార్చాను, మళ్ళీ పడింది, మళ్ళీ మార్చాను. మూడోసారికి గుడ్డ తేటగా వచ్చింది.

ఆ తర్వాత హెడ్డు. వీసీఆర్ నడుమ గిన్నె బోర్లించినట్టు మెరుస్తూ ఒక డ్రమ్ము ఉంటుంది. అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. టేపు దాని చుట్టూ ఏటవాలుగా పోతుంటే, డ్రమ్ము అంచున ఉన్న హెడ్లు బొమ్మని గీతలు గీతలుగా చదువుతాయి. ఆ హెడ్డు గోటి చివరంత కూడా ఉండదు. దూది పుల్లతో తుడిస్తే పీచు చిక్కుకుని విరుగుతుంది. తెల్ల కాగితం ముక్కని స్పిరిట్‌తో తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ముని నెమ్మదిగా తిప్పాలి. కాగితం కదపకూడదు, డ్రమ్మే కదలాలి. పైకీ కిందకీ రుద్దితే అంతే సంగతులు. కాగితం మీద గోధుమరంగు మరక వచ్చింది. అది ఎన్ని ఇళ్ళ పెళ్ళిళ్ళ తాలూకు పొడో!

మొదటిరోజు రాత్రి అన్ని వైర్లూ గుచ్చి, ప్లే నొక్కి, మానిటర్ వైపు చూస్తే, బొమ్మ నలుపు తెలుపుల్లో పైనుంచి కిందకి దొర్లిపోతోంది. నా గుండె జారిపోయింది. టేపు పాడైపోయిందనుకున్నాను. గంటసేపు వైర్లు మార్చాను, వీసీఆర్ మీద ట్రాకింగ్ బొత్తాం తిప్పాను. చివరికి చూస్తే కార్డు అమెరికా టీవీ పద్ధతిలో ఉంది. దానికి సెకనుకి ముప్పై బొమ్మలు, 525 గీతలు. మన దేశంలో అప్పుడు పాల్ పద్ధతి. సెకనుకి ఇరవయ్యయిదు బొమ్మలు, 625 గీతలు. సెట్టింగుల్లో ఒక్కచోట పాల్ అని మార్చగానే బొమ్మ కుదుటబడి నిలబడింది. రంగులొచ్చాయి. మొదట కనబడినది పసుపు నలుగు పెట్టించుకుంటున్న మా అప్ప మొహం. ఆ పసుపు నేను మర్చిపోలేను.

తర్వాతి ఇబ్బంది జాగా. టేపులోంచి వచ్చింది వచ్చినట్టు దాచుకోవాలంటే గంటకి 75 జీబీ దాకా కావాలి. నా డిస్కు మొత్తం 80. అందుకని డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 అనే కుదించిన రూపంలోనే నేరుగా ఎక్కించాను. గంటకి మూడు జీబీలోపు సరిపోయింది. మూడు గంటల కేసెట్ని ఒకే డీవీడీలో కుక్కొచ్చని చాలామంది చెప్పారు. నేను కుక్కలేదు. పాత టేపులో ఇసకలాంటి మసక ఉంటుంది. కంప్యూటర్‌కి అది మసకని తెలియదు, దాన్ని కూడా శ్రద్ధగా దాచాలని చూస్తుంది, జాగా చాలక మొహాలని గళ్ళుగళ్ళుగా చేసేస్తుంది. 4.7 జీబీ డిస్కుకి గంటన్నర చొప్పున రెండేసి డిస్కులు చేశాను. డిస్కుకి ఇరవై రూపాయలు మిగుల్చుకుని ఏం చేస్తాం, మనవాళ్ళ మొహాలు పాడుచేసుకుని?

కేసెట్ ఎంతసేపుంటే ఎక్కించడానికీ అంతే సేపు పడుతుంది. తొందరపెట్టే దారి లేదు. పగలు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. రెండున్నర గంటలు ఎక్కాక పోతే మళ్ళీ మొదటికే. అందుకని రాత్రి పన్నెండు దాటాకే మొదలుపెట్టేవాణ్ణి. యూపీఎస్ ఉన్నా టెన్షన్ టెన్షనే. మొదటి కేసెట్ అంతా అయ్యాక తెల్లారి అందరం కూర్చుని చూస్తే, ముహూర్తం దగ్గర డోలు మీద పుల్ల పడ్డాక ఒక సెకను ఆగి చప్పుడు వస్తోంది. రాత్రి రెండింటికి వైరస్ స్కాన్ తనంతట తను మొదలై, కంప్యూటర్ ఊపిరాడక అక్కడో బొమ్మా ఇక్కడో బొమ్మా వదిలేసింది. మాట మాత్రం వదలకుండా ఎక్కింది. ఆ రాత్రి మళ్ళీ ఎక్కించాను, అన్నీ ఆపేసి, ఇంటర్నెట్ వైరు కూడా పీకేసి.

పెళ్ళి వీడియో ఎలా ఉందో చెప్పాలి. ఆ రోజుల్లో తీసిన పెళ్ళి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. భుజం మీద మోసే పెద్ద కెమెరా ఒకరు, కళ్ళు బైర్లుకమ్మే లైటు పట్టుకుని వైరు లాక్కుంటూ ఇంకొకరు. లైటు ఎటు తిరిగితే అటువాళ్ళు చేతులు కళ్ళకి అడ్డం పెట్టుకుంటారు. మిక్సింగులో పువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్ళికూతురు, పళ్ళెం తిరుగుతూ అందులో పెళ్ళికొడుకు. వాటిని చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నాకు నవ్వు రాదు. రాత్రంతా కూర్చుని ఒక్కొక్క పెళ్ళికీ ఆ పువ్వు విప్పిన మనిషి పనితనం అది.

కానీ పాటల సంగతి వేరు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు వేసేశారు. స్నాతకానికో పాట, కాశీయాత్రకో పాట, జీలకర్ర బెల్లానికో పాట. గట్టిమేళం దగ్గర తప్పించి, పెళ్ళిలో మనుషులు మాట్లాడిన మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. మూడు గంటల యాభై నిమిషాలు రెండు కేసెట్లూ చూశాను. మా నాన్న వియ్యంకుడితో ఏదో అని పెద్దగా నవ్వుతాడు, పాట. మా చిన్నత్త నడుం మీద చెయ్యి వేసుకుని వంటవాళ్ళని కేకలేస్తుంది, పాట. పురోహితుడు మంత్రం చెబుతాడు, పాట.

అప్పగింతల దగ్గర నానమ్మ ఉంది. అప్ప మొహం రెండు చేతుల్లోకీ తీసుకుని ఏదో చెబుతోంది. లెక్కపెట్టాను, 38 సెకన్లు. పెదాలు స్పష్టంగా కదులుతున్నాయి. మధ్యలో ఒకసారి ఆగి, అప్ప బుగ్గ తుడిచి, మళ్ళీ చెబుతోంది. పైన ఎవరో గాయని పాడుతోంది.

"ఇక్కడ నీతో ఏమంటోంది అప్పా?" అని అడిగాను.

"ఏమోరా. ఏడుస్తున్నాను కదా, నాకేమీ వినబడలేదు" అంది అప్ప. కాసేపయ్యాక, "ఇప్పుడు విందామంటే పాట" అంది.

మేనకోడలు తెర దగ్గరికి వెళ్ళి, పెదాలు చూసి చెబుతానని చాలాసేపు కూర్చుంది. "వెళ్ళు, వెళ్ళు అంటోందమ్మా" అంది. అప్ప ఏమీ అనలేదు.

ఆ వీడియో తీసినాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. పాటలు కలపకముందు కెమెరాలో ఉన్న అసలు కేసెట్ ఎక్కడైనా ఉంటుందేమోనని ఆశ. ఆయన చాలా బాధపడ్డాడు. "కేసెట్ ఖరీదెక్కువ కదండీ, మిక్సింగ్ అయిపోయాక దానిమీదే ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం" అన్నాడు. నానమ్మ మాట మీద ఎవరి పెళ్ళో ఎక్కింది. దాని మీద ఇంకొకరిది. ఎవరినీ తప్పుపట్టే పని కాదది. అప్పుడు మేమూ పాటలే అడిగాం. ఏ పాట ఎక్కడ వెయ్యాలో చీటీ రాసిచ్చింది మా సొంత బాబాయే.

ఇక మిగిలింది సిరిమాను కేసెట్. దానికే బూజు ఎక్కువ పట్టింది. వీడియో టేపులో మాట ఉండేది పై అంచున, ఒక మిల్లీమీటరు వెడల్పు గీతలో. బూజు మొదలయ్యేదీ అంచులనుంచే. పైగా ఈ టేపు నడక మామూలు పాటల కేసెట్ నడకలో సగమే, అందుకే మాట మొదటినుంచీ మసకగానే ఉంటుంది. ఆ అంచుని తుడవడానికి రెండు రోజులు తీసుకున్నాను. కేసెట్ల బాబాయి షాపులో మంచి ఖాళీ కేసెట్ డబ్బా అడిగి తెచ్చి, టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చాను.

ఆ కేసెట్ ఎలా వచ్చిందంటే, పెళ్ళయిన ఏడాది మొదటి దసరాకి బావ వచ్చాడు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. కొత్తల్లుడు సిరిమాను చూడ్డం కేసెట్లో ఉండాలని నాన్న ముచ్చటపడ్డాడు. పెళ్ళి తీసినాయన్నే ఒక్క గంటకి మాట్లాడాడు. మిక్సింగ్ వద్దన్నాడు, డబ్బుల్లేక. అది మా అదృష్టం. కెమెరాలోంచి తీసిన కేసెట్ తీసినట్టే మా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్ళ అరుగు మీద నిలబడ్డాం మేమంతా. నాకు పదేళ్ళు. కెమెరా ఆయన మా పక్కనే గోడ ఎక్కాడు. బొమ్మలో మేము లేము. ఆయన ధ్యాసంతా వీధి మీదే. ఊరేగింపులో సిరిమానుకి ముందు పాలధార వెళ్ళింది, అంజలి రథం వెళ్ళింది, తెల్లఏనుగు వెళ్ళింది, బెస్తవారి వల వెళ్ళింది. తర్వాత జనం ఒక్కసారి సముద్రంలా లేచింది. అరవై అడుగుల చింతమాను కొసన కట్టిన పీట మీద పూజారి, ఆకాశంలో వేలాడుతున్నట్టు ఊగుతూ వస్తున్నాడు. కిందనుంచి అరటిపళ్ళు ఎగురుతున్నాయి. చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరగాలి. ఇది మొదటిసారి.

బొమ్మ అంత బాలేదు. అడుగున గీతలు కొట్టుకుంటున్నాయి, మధ్యమధ్యలో తెల్లటి చుక్కలు. రాత్రి ఒంటిగంటన్నర అయింది. స్పీకర్ గొంతు తగ్గించి కూర్చున్నాను. పద్నాలుగో నిమిషంలో, జనం హోరు మీద, మైకుకి చాలా దగ్గరగా, నానమ్మ.

"సెయ్యొదలకు. సెయ్యొదలకు. ... తల్లీ పైడితల్లీ, అందర్నీ సల్లగా సూడమ్మా. ... సెయ్యొదలకు."

అంతే. తొమ్మిది సెకన్లు. బొమ్మలో సిరిమాను ఊగుతోంది. నానమ్మ ఎక్కడా లేదు. పెళ్ళి కేసెట్లో మొహం ఉంది, మాట లేదు. ఇందులో మాట ఉంది, మనిషి లేదు.

ఆ తొమ్మిది సెకన్లతో తర్వాత చాలా తంటాలు పడ్డాను. హోరు తగ్గించే ప్రోగ్రాం ఒకటి ఉంటే తెచ్చి వేశాను. హోరు తగ్గింది, నానమ్మ నూతిలోంచి మాట్లాడుతున్నట్టయింది. "సల్లగా" అన్నప్పుడు గొంతులో ఉండే జీర పోయింది. ఆ జీరే కదా నానమ్మ. దాన్ని కూడా కంప్యూటర్ హోరులోనే జమకట్టింది. ఆ ప్రోగ్రామే తీసేశాను. వచ్చింది వచ్చినట్టే ఉంచాను, జనం అరుపులతో సహా. మంగళవారం మధ్యాహ్నం మూడు లాంతర్ల దగ్గర ఆవిడ గొంతు ఆ అరుపుల మధ్యే వినబడేది.

డీవీడీల సంగతి కూడా చెప్పేస్తాను. అయిదు డిస్కులూ తక్కువ స్పీడులో, జాగ్రత్తగా రాశాను. అప్పకి ఒక సెట్టు, మాకొక సెట్టు. ఇక వందేళ్ళు భయంలేదనుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక, ఇల్లంతా చెమ్మ. సామాన్లు ఆరబెడుతూ డిస్కులు వేసి చూస్తే రెండు చదవలేదు. మనం ఇంట్లో రాసుకునే డిస్కులో ఉండేది ఒక రంగు పూత. లేజరు దాన్ని అక్కడక్కడ కాలుస్తుంది. ఎండకీ ఉక్కకీ ఆ పూతే వెలిసిపోతుంది. నేను పడేద్దామన్న కేసెట్లని అమ్మ మళ్ళీ ట్రంకుపెట్టెలో దాచింది కాబట్టి బతికిపోయాం. కేసెట్ల బాబాయి వీసీఆర్‌కి బెల్టు మార్పించి మళ్ళీ ఎక్కించాను, ఈసారి రెండు హార్డ్ డిస్కుల్లోకి. 2016లో ప్రపంచంలో వీసీఆర్ తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, ఇక చెయ్యమని ఆపేసింది. ఆ వార్త చదివిన రోజు వెళ్ళి మా వీసీఆర్‌కి గుడ్డ కప్పి వచ్చాను. మీ ఇంట్లో కేసెట్లుంటే, డీవీడీ చేయించేశాం కదా అని పారెయ్యకండి.

ఆ రాత్రికి వస్తాను. నానమ్మ గొంతు వినబడి నేను ఇంకా కుర్చీలో కదలకముందే వెనక తలుపు చప్పుడైంది. అమ్మ. నిద్రలోంచి లేచి వచ్చింది, జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"అత్తయ్యేనా?" అంది.

నేను తల ఊపాను.

"మళ్ళీ వెయ్యి."

"ఎక్కుతోందమ్మా. మధ్యలో ఆపకూడదు. అయిపోయాక వేస్తాను."

అమ్మ కింద కూర్చుంది. ఇంకా 37 నిమిషాల టేపు ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా చూశాం. సిరిమాను కోటదాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నాన్న గొంతు ఒకచోట వినబడింది, "అల్లుడుగారూ, ఇటు రండి, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది" అని. అమ్మ చిన్నగా నవ్వింది. మూడోసారి సిరిమాను వెళ్ళిపోయాక, ఖాళీ వీధి, అరటి తొక్కలు, ఒక కుక్క. ఆ తర్వాత నీలం తెర.

టేపు వెనక్కి తిప్పలేదు. ఇంకోసారి దాన్ని కష్టపెట్టడం ఇష్టం లేకపోయింది. కంప్యూటర్లో ఎక్కినదాన్నే పద్నాలుగో నిమిషం దగ్గర పెట్టాను.

"సెయ్యొదలకు. సెయ్యొదలకు..."

"నాతోనే అమ్మా" అన్నాను. "నన్నే పట్టుకుంది ఆ రోజు, జనంలో తప్పిపోతానని. నాకు గుర్తుంది."

"నీతో కాదురా" అంది అమ్మ. "నువ్వు మీ నాన్న భుజాలమీదున్నావు. అరుగు మీద తోపులాటకి నేను ఒరిగిపోయాను. నా చెయ్యి పట్టుకుంది."

నేను ఏదో అనబోయాను.

"అలాగే పట్టుకుంది, సిరిమాను దాటేదాకా" అంది అమ్మ, కుడి మణికట్టు ఎడంచేత్తో పట్టుకుని చూపిస్తూ. "రెండు గాజులు చిట్లిపోయాయి. మర్నాడు బజారుకెళ్ళి వేయించుకున్నాను."

ఆ చెయ్యి అలాగే పట్టుకుని తెర వైపు చూసింది.

"ఇంకోసారి వెయ్యి."